పాత మోటో గుజ్జీకి స్పేర్లు దొరుకుతాయి, ఏవి అడగాలో తెలిస్తే

ఇటలీ పాత బైకు కొనాలనుకునేవాళ్లను వెనక్కి లాగే మొదటి భయం స్పేర్లది. మోటో గుజ్జీ పెద్ద వీ-ట్విన్‌ల (వీ ఆకారంలో రెండు సిలిండర్లున్న బండ్ల) విషయంలో ఆ భయానికి పెద్దగా ఆధారం లేదు. 1970లలో తయారైన 850 టీ3కి పిస్టన్లు, సిలిండర్లు, క్లచ్ ప్లేట్లు, ఆయిల్ సీళ్లు, కార్బురేటర్ జెట్లు, బ్రేక్ కాలిపర్ రబ్బర్లు ఇవాళ్టికీ కొత్తవే దొరుకుతున్నాయి. చిక్కంతా మరోచోట ఉంది. ఒకే పేరున్న భాగం రెండు మూడు కొలతల్లో వచ్చింది. ఇన్నేళ్లలో చేతులు మారిన బండికి ఎవరో ఒకరు మరో మోడల్ సామాను బిగించి ఉంటారు. ఫ్యాక్టరీ నంబర్లూ మారాయి. బండిలో నిజంగా ఏముందో చూసుకోకుండా ఆర్డర్ పెట్టినవాళ్లు ఒకే భాగానికి రెండుసార్లు డబ్బు కడతారు.

ఈ బండ్లు మన రోడ్ల మీద దాదాపు కనిపించవు. జర్మనీలోనో, బ్రిటన్‌లోనో, అమెరికాలోనో ఉంటూ పాత టీ3 మీదో 1000 ఎస్పీ మీదో కన్నేసిన తెలుగువాళ్లకు ఇక్కడి వివరాలు నేరుగా పనికొస్తాయి. మిగతావాళ్లకు, ఒక పాత యంత్రాన్ని ఏ వరసలో పరీక్షించాలో, ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలియడానికి ఇది మంచి ఉదాహరణ.

స్పేర్లు ఇంకా ఎందుకు దొరుకుతున్నాయి

మోటో గుజ్జీ 1921లో కోమో సరస్సు ఒడ్డున మాండెల్లో దెల్ లారియోలో పుట్టింది. ఇప్పటికీ ఊరు అదే. జూలియో చెజారే కార్కానో రూపొందించిన 90 డిగ్రీల వీ-ట్విన్ ఇంజిన్ 1967లో వీ7 బండితో మార్కెట్లోకి వచ్చింది. దానికి లీనో టోంటి తక్కువ ఎత్తున్న కొత్త ఫ్రేమ్ గీశాడు. 1971 నాటి వీ7 స్పోర్ట్ ఆ ఫ్రేమ్‌తో వచ్చిన మొదటి బండి. ఆ తరవాత 850 టీ, 1975లో 850 టీ3, 1976లో 850 లె మాన్, 1978లో 1000 ఎస్పీ, 1980ల్లో కాలిఫోర్నియా 2, లె మాన్ 3, లె మాన్ 4 వరసగా వచ్చాయి. కాలిఫోర్నియా బండ్లయితే టోంటి ఫ్రేమ్ మూలరూపంతోనే 2000 దాటాక కూడా తయారయ్యాయి.

అంటే ఒకే క్రాంక్‌కేస్ ఆకారం, ఒకే తరహా డ్రై (ఆయిల్ తగలని) క్లచ్, ఒకే తరహా షాఫ్ట్ డ్రైవ్ (చెయిన్ బదులు కడ్డీతో వెనక చక్రాన్ని తిప్పే పద్ధతి) కొన్ని దశాబ్దాలపాటు నడిచాయి. పైగా ఈ బండిలో సగం సామాను గుజ్జీ తయారుచేసింది కాదు. కార్బురేటర్లు డెల్ ఓర్టో, బ్రేకులు బ్రెంబో, ఆల్టర్నేటర్ బాష్, డిస్ట్రిబ్యూటర్ మరెల్లి. ఇవే కంపెనీల ఇవే రకాల భాగాలు ఇతర బండ్లకూ వెళ్లాయి. బాష్ ఆల్టర్నేటర్ కుటుంబం అప్పటి బీఎండబ్ల్యూ బాక్సర్ ట్విన్‌లలోనూ ఉంది కాబట్టి రెగ్యులేటర్, బ్రష్‌ల వంటివి ఆ బండ్ల స్పేర్లు అమ్మేవాళ్ల దగ్గర కూడా దొరుకుతాయి.

యజమాన్యం మారడంతో ఒక తలనొప్పి వచ్చింది. 1970ల్లో గుజ్జీ అలెహాండ్రో దె తొమాసో చేతికి వెళ్లింది, 2000లో అప్రిలియా చేతికి, 2004లో పియాజియో చేతికి. పాత ఎనిమిదంకెల పార్ట్ నంబర్ ముందు పియాజియో హయాంలో ‘జీయూ’ అక్షరాలు చేరాయి. ఆ రెండక్షరాలు తీసేసి వెతికితే పాత కేటలాగుల్లో, పాత స్టాకు ఉన్న దుకాణాల్లో అదే భాగం బయటపడుతుంది. నంబర్‌లో మొదటి రెండంకెలు ఆ భాగం మొదట ఏ మోడల్‌కి తయారైందో చెబుతాయి: 12 అంటే వీ7, 14 అంటే వీ7 స్పోర్ట్. టీ3 కేటలాగులో 12తో మొదలయ్యే నంబర్ కనిపిస్తే ఆ భాగం 1967 నాటి నుంచి మారలేదన్నమాట. వాడిన సామాను దొరికే అవకాశం అంత ఎక్కువ. ఇక 92తో మొదలైతే బేరింగ్, 98తో మొదలైతే బోల్టు లేదా స్క్రూ, 95తో వాషర్, 90తో సీలు లేదా ఓ-రింగ్. ఇవి చాలావరకు ప్రామాణిక కొలతల సామానే.

ముందు బండిని గుర్తుపట్టాలి

ఫ్రేమ్ మీద, క్రాంక్‌కేస్ మీద ఉన్న నంబర్ల ముందక్షరాలు చూడండి. వీకే అంటే వీ7 స్పోర్ట్, వీడీ అంటే 850 టీ, టీ3 వరస, వీఈ అంటే 850 లె మాన్. ఫ్రేమ్ మీద వీఈ ఉండి ఇంజిన్ మీద వీడీ ఉంటే అది లె మాన్ ఫ్రేమ్‌లో టీ3 వరస ఇంజిన్. నడవడానికి బాగానే నడుస్తుంది, కానీ లె మాన్ ధర పెట్టి కొనాల్సిన బండి కాదు, లె మాన్ కేటలాగు చూసి పిస్టన్లు తెప్పించాల్సిన ఇంజిన్ అంతకన్నా కాదు.

తరవాత చూడాల్సింది వెనక బెవెల్ బాక్సు, అంటే షాఫ్ట్ తిప్పుడును వెనక చక్రానికి మళ్లించే గేర్ల పెట్టె. క్రౌన్ వీల్, పినియన్ పళ్ల లెక్క మోడల్‌ని బట్టి మారింది. టీ3లో అది 7/33 (పినియన్‌కి 7, క్రౌన్ వీల్‌కి 33). టార్క్ కన్వర్టర్ ఉన్న వీ1000 కన్వర్ట్‌లో 9/34. రెండు పెట్టెలూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. తప్పు పెట్టె పడితే స్పీడోమీటర్ అబద్ధం చెబుతుంది, ఇంజిన్ తిరగాల్సిన దానికన్నా ఎక్కువో తక్కువో తిరుగుతుంది.

ఇంజిన్ 850 అయితే బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 83 మి.మీ., 1000 అయితే 88 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) రెండింటికీ 78 మి.మీ.నే. స్ట్రోక్ ఒకటే కావడంతో చాలామంది 850 మీద 1000 సిలిండర్లు ఎక్కించారు. బయటి గుర్తులు దీన్ని పట్టివ్వవు. హెడ్ గ్యాస్కెట్ తెప్పించే ముందు బోరు కొలవాల్సిందే.

అసలు ప్రశ్న సిలిండర్లది

1970ల గుజ్జీ కొనేటప్పుడు మిగతా లోపాలన్నీ బేరానికి పనికొచ్చేవి. సిలిండర్ బోరు మాత్రం బండి కొనాలా వద్దా అన్నది తేల్చేది. అప్పటి అల్యూమినియం సిలిండర్ల లోపలి గోడకు హార్డ్ క్రోమ్ పూత ఉండేది. అది గట్టిదే, అరగదు కూడా. కానీ ఏళ్లు గడిచాక, ముఖ్యంగా తేమలో బండి కదలకుండా నిలబడిపోయాక, పూత కింద అల్యూమినియం తుప్పు పట్టి క్రోమ్ పొక్కులు కడుతుంది, తరవాత పెచ్చులుగా ఊడుతుంది. తక్కువ కిలోమీటర్లు తిరిగి ఇరవై ఏళ్లు షెడ్డులో ఉన్న బండి, రోజూ నడిచిన బండి కన్నా ఈ విషయంలో ఎక్కువ ప్రమాదకరం.

ఊడిన పెచ్చు నష్టం సిలిండర్‌తో ఆగదు. ఆయిల్‌లో కలిసి తిరుగుతుంది. గట్టి ముక్క కాబట్టి క్రాంక్‌షాఫ్ట్ షెల్ బేరింగుల మెత్తటి లోహంలో గుచ్చుకుని అక్కడే ఉండిపోతుంది, ఇసుక కాగితంలా జర్నల్‌ని (బేరింగ్‌లో తిరిగే షాఫ్ట్ భాగాన్ని) అరగదీస్తుంది. టీ3కి ముందు 850 టీలో సరైన పేపర్ ఫిల్టర్ లేదు, జాలీ మాత్రమే ఉంది; కాబట్టి వాటిలో నష్టం ఇంకా లోతుగా పోతుంది.

పరీక్ష ఇలా. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆయిల్ దించి తెల్లటి గుడ్డలోంచి వడకట్టండి. అద్దంలా మెరిసే పలచటి పొరలు కనిపిస్తే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది ఇనుము, అంటే గేరు పన్నో, టాపెట్టో, చెయినో. అంటుకోకపోతే క్రోమ్ లేదా అల్యూమినియం. క్రోమ్ ముక్క వంచితే విరుగుతుంది, అల్యూమినియం వంగుతుంది. ఆపై స్పార్క్ ప్లగ్ తీసి, పిస్టన్ కింది చివర ఉన్నప్పుడు చిన్న ఎండోస్కోప్ కెమెరాతో గోడ చుట్టూ చూడండి. క్రోమ్ గోడ వెండి అద్దంలా ఉండాలి. మధ్యలో బూడిదరంగు మచ్చలు, మచ్చ అంచున గీత కనిపించాయా, సిలిండర్ పని అయిపోయినట్టే.

క్రోమ్ బోరును లేత్ మీద పెట్టి ఓవర్‌సైజ్ చేయించడం కుదరదు. ఈ బండికి ఓవర్‌సైజ్ పిస్టన్ల పద్ధతే లేదు. మిగిలిన దారులు మూడు. మొదటిది మాండెల్లోలోనే ఉన్న గిలార్డోని కంపెనీ సిలిండర్-పిస్టన్ సెట్. దీని గోడకు నిగుసిల్, అంటే నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ కలిపిన పూత ఉంటుంది. గుజ్జీ కూడా 1980 ప్రాంతంలో ఇదే పూతకు మారింది. అద్దంలా కాకుండా మసక బూడిదరంగులో, అడ్డగీతల హోనింగ్‌తో కనిపిస్తే అది నిగుసిల్. రెండోది పాత సిలిండర్ క్రోమ్ గీకించి నికెల్-సిలికాన్ పూత వేయించుకోవడం. యూరప్‌లో, అమెరికాలో ఈ పని చేసే షాపులున్నాయి; పాత పిస్టన్లు బాగుంటే ఇది చవక. మూడోది ఇనుప లైనర్ దిగగొట్టించడం. వేడి బయటికి పోవడం తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. మొదటి రెండు దారులూ మూసుకుపోతే తప్ప దీని జోలికి వెళ్లకపోవడమే మేలు.

ఒక్క సిలిండరే పోయినా రెండూ మార్చండి. పిస్టన్ల బరువు రెండు వైపులా సమానంగా ఉండాలి. పాత సెట్ వాడుతుంటే పిస్టన్ తల మీద, సిలిండర్ మీద ఉన్న ఏ, బీ, సీ అక్షరాలు కలవాలి. 850కి ‘ఏ’ సిలిండర్ 83.000 నుంచి 83.006 మి.మీ., ‘బీ’ 83.012 దాకా, ‘సీ’ 83.018 దాకా. ‘సీ’ పిస్టన్‌ని ‘ఏ’ సిలిండర్‌లో పెడితే వేడెక్కినప్పుడు పట్టేస్తుంది. ఇంటర్నెట్‌లో విడి పిస్టన్ అమ్మేవాళ్లను మొదట అడగాల్సింది ఈ అక్షరమే.

పెచ్చులు దొరికిన ఇంజిన్‌లో సిలిండర్లు మార్చి ఊరుకుంటే కొత్త సిలిండర్లను కూడా పాడుచేసుకున్నట్టే. క్రాంక్‌షాఫ్ట్ లోపల మురికి పేరుకునే ఒక గది ఉంది, దానికి స్క్రూ బిరడా ఉంటుంది. ఆయిల్‌లో వచ్చిన బరువైన రేణువులు తిరిగే వేగానికి అక్కడికి చేరతాయి. దాన్ని శుభ్రం చేయాలంటే క్రాంక్ బయటికి రావాలి. అందుకే క్రోమ్ ఊడిన బండి ధర బేరమాడేటప్పుడు సిలిండర్ సెట్ ఒక్కటే కాదు, షెల్ బేరింగులు, కన్‌రాడ్ బోల్టులు, గ్యాస్కెట్ సెట్, మొత్తం ఇంజిన్ విప్పే శ్రమ లెక్కలోకి తీసుకోవాలి.

ఆయిల్, ఫిల్టర్, టాపెట్లు

టీ3 నుంచి ఆయిల్ ఫిల్టర్ ఇంజిన్ అడుగున సంప్ (ఆయిల్ తొట్టి) లోపల దాక్కుంది. దాన్ని మార్చాలంటే చుట్టూ ఉన్న అలెన్ బోల్టులన్నీ తీసి సంప్ దించాలి. ఈ శ్రమకు భయపడి ఏళ్ల తరబడి ఫిల్టర్ మార్చని యజమానులు చాలామంది. ఆయిల్ ప్రతి 3,000 కి.మీ.కి, ఫిల్టర్ రెండో ఆయిల్ మార్పుకోసారి అనే లెక్క పెట్టుకుంటే ఇంజిన్ బతుకుతుంది. లోపల ఫిల్టర్ కంపనాలకు వదులై మర తిరిగిపోయే ప్రమాదం ఉంది, అలా జరిగితే ఆయిల్ ప్రెజర్ పడిపోతుంది. ఫిల్టర్ చుట్టూ ఒక హోస్ క్లిప్ బిగించి, దాని స్క్రూ తల పక్క గోడకు తగిలేలా తిప్పి ఉంచితే ఫిల్టర్ మర వదులుకోలేదు. ఫిల్టర్ దగ్గరికి చేతికందేలా మూత ఉన్న సంప్ ప్లేట్లు కూడా అమ్ముతున్నారు. ఈ బండికి పెట్టగలిగిన మంచి ఖర్చుల్లో అదొకటి. సంప్ బోల్టులు అల్యూమినియంలోకి వెళ్తాయి, రెంచి మీద బలం చూపిస్తే మరలు ఊడొస్తాయి.

ఇంజిన్‌కి సుమారు 3 లీటర్ల ఆయిల్, గేర్‌బాక్స్‌కి 0.750 లీటరు ఎస్ఏఈ 90 గేర్ ఆయిల్, బెవెల్ బాక్సుకి 0.250 లీటరు. ఈ చివరిదాంట్లో ఫ్యాక్టరీ 20 మి.లీ. మాలిబ్డినం డైసల్ఫైడ్ కలపమంది. ఇంజిన్‌లో గీత దాటి పోయకండి. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలిని వదిలే) గొట్టంలోంచి బయటికి కక్కుతుంది, చూసేవాళ్లు సీలు పోయిందనుకుంటారు. పాతబడి పగిలిన బ్రీదర్ గొట్టం కూడా ఇలాగే మోసం చేస్తుంది.

టాపెట్ల (వాల్వుల దగ్గర ఖాళీ) సెట్టింగ్‌కి ఇంత తేలికైన బండి మరొకటి ఉండదు; రెండు హెడ్లూ చేతికందేలా పక్కలకు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. ముందు ఆల్టర్నేటర్ మూత తీసి, అందులో తిరిగే రోటర్ బోల్టుకి అలెన్ కీ పెట్టి, ముందు నుంచి చూస్తే గడియారం దిశలో తిప్పండి. బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉన్న గూడు) కిటికీలో ఫ్లైవీల్ మీద ‘డీ’, ‘ఎస్’ గుర్తులు వస్తాయి. ఇటాలియన్‌లో దెస్త్రో కుడి, సినిస్త్రో ఎడమ. ‘డీ’ ఎదురుగా ఉండి, కుడి హెడ్ రాకర్లు రెండూ వదులుగా ఆడితే ఆ సిలిండర్ కంప్రెషన్ పైచివర ఉన్నట్టు. రాకర్లు బిగుతుగా ఉంటే ఇంకో పూర్తి చుట్టు. టీ3కి, లె మాన్‌కి ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండింటికీ ఖాళీ 0.22 మి.మీ. గేజ్ సెట్‌లో ఆ పలక ఉండకపోతే 0.20 దూరాలి, 0.25 దూరకూడదు, అంతే. బిగుతు కన్నా కాస్త వదులు నయం. టకటకమనే టాపెట్ ఎవరికీ హాని చేయదు, బిగుతైన ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోతుంది. హెడ్ నట్లను కొత్తగా బిగించినప్పుడు (4 నుంచి 4.2 కిలోగ్రాం-మీటర్లు) క్లియరెన్స్ మారుతుంది, మళ్లీ చూడాల్సిందే.

కరెంటు, కార్బురేటర్లు

మరెల్లి డిస్ట్రిబ్యూటర్‌లో రెండు జతల పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే స్విచ్‌లు) ఉంటాయి, ఒక్కో సిలిండర్‌కి ఒకటి. గ్యాప్ 0.37 నుంచి 0.43 మి.మీ. గ్యాప్ సెట్ చేశాకే టైమింగ్ చూడాలి, ఎందుకంటే గ్యాప్ కదిలితే టైమింగ్ కదులుతుంది. ఇప్పుడు దొరికే చవక పాయింట్లలో క్యామ్‌కి రాసుకునే ఫైబర్ ముక్క త్వరగా అరుగుతుంది, నకిలీ కండెన్సర్లు వేడెక్కాక చచ్చిపోతాయి. బండి అరగంట బాగా నడిచి ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్టవుతుంటే కార్బురేటర్ విప్పకముందు కండెన్సర్ మార్చి చూడండి. తరచూ నడిపే బండికి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేయడం నిస్సందేహంగా మంచి నిర్ణయం. జర్మనీ నుంచి సైలెంట్ హెక్టిక్, సాక్సే, అమెరికా నుంచి డైనా కిట్లు ఈ ఇంజిన్ కోసమే ఉన్నాయి. పాత డిస్ట్రిబ్యూటర్ని గుడ్డలో చుట్టి దాచండి, బండి అమ్మేటప్పుడు దానికి విలువుంది.

ఆల్టర్నేటర్ బండి ముందు, క్రాంక్ చివర ఉంటుంది. బ్యాటరీ ఛార్జ్ కాకపోతే మొదట చూడాల్సింది డ్యాష్‌బోర్డ్ మీది ఛార్జింగ్ లైటు. రోటర్‌కి మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడితే ఆల్టర్నేటర్ మేలుకోదు. ఒక చిన్న బల్బు పోయినందుకు రోటర్, రెగ్యులేటర్, డయోడ్ బోర్డు మూడూ మార్చినవాళ్లున్నారు. బల్బు వెలుగుతుంటే బ్రష్‌లు ఎత్తి రెండు స్లిప్ రింగుల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. 3, 4 ఓమ్‌ల మధ్య ఉంటే రోటర్ బతికుంది. అసలు ఏమీ చూపకపోతే లోపల తీగ తెగింది. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా చూపి, ఇంజిన్ తిరిగేటప్పుడు తెగిపోయే రోటర్లూ ఉన్నాయి, వేడిగా ఉన్నప్పుడు కూడా కొలవాలి. అన్నీ సరిగ్గా ఉన్న బండిలో 3,000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద 14 వోల్టుల దగ్గరగా కనిపించాలి. రోటర్ని సుత్తితో కొట్టి లాగకండి. మధ్య బోల్టు తీసి, రంధ్రంలో గట్టి ఉక్కు కడ్డీ పెట్టి, బోల్టు మళ్లీ బిగిస్తే టేపర్ నుంచి అదే ఊడి వస్తుంది.

స్టార్టర్ బటన్ నొక్కితే ‘టిక్’ అని ఊరుకునే జబ్బు గుజ్జీల్లో మామూలే. సోలెనాయిడ్ (స్టార్టర్‌ని కలిపే విద్యుదయస్కాంతం) తీసుకునే పెద్ద కరెంటంతా పాతబడిన ఇగ్నిషన్ స్విచ్‌లోంచి వెళ్లాల్సి రావడం దీనికి కారణం. ఒక కారు రిలే, నాలుగు వైర్లు చాలు: బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా రిలేకి, రిలే నుంచి సోలెనాయిడ్‌కి; బటన్ రిలేని మాత్రమే పలికిస్తుంది. హెడ్‌లైట్‌కి కూడా ఇదే పద్ధతిలో రిలే పెడితే వెలుతురులో తేడా కంటికి కనిపిస్తుంది.

కార్బురేటర్ల గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. టీ3లో వీహెచ్‌బీ 30, లె మాన్‌లో పీహెచ్‌ఎఫ్ 36. డెల్ ఓర్టో స్పేర్లు దొరుకుతాయి, నీడిల్, ఆటమైజర్ అరిగితే ట్యూనింగ్ ఎంత చేసినా లాభం ఉండదు, సెట్ మార్చేయాలి. పీహెచ్‌ఎఫ్‌లో ఫ్లోట్ ఎత్తు 18 మి.మీ. ఇన్‌టేక్ దగ్గర రబ్బరు జాయింట్లు పగిలి గాలి లాగితే స్లో స్పీడ్ నిలవదు. ఇంజిన్ తిరుగుతుండగా జాయింట్ చుట్టూ కాస్త కార్బురేటర్ క్లీనర్ చల్లినప్పుడు ఆర్‌పీఎం మారితే చోటు దొరికినట్టే.

ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య

బెల్ హౌసింగ్ అడుగు రంధ్రంలోంచి నూనె చుక్కలు పడుతుంటే చుక్కను వేలి మీద తీసుకుని వాసన చూడండి. నల్లగా పలచగా ఉంటే ఇంజిన్ ఆయిల్, అంటే క్రాంక్ వెనక సీలు. చిక్కగా గంధకం కంపు కొడితే గేర్ ఆయిల్, అంటే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు. ఏదైనా పని పెద్దదే, ఎందుకంటే అక్కడికి చేరాలంటే ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ విడదీయాలి.

టోంటి ఫ్రేమ్ గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. కింది రెండు పట్టీలు బోల్టులతో ఊడొస్తాయి. ట్యాంక్, బ్యాటరీ, కార్బురేటర్లు, ఎగ్జాస్ట్, వెనక చక్రం, బెవెల్ బాక్సు, స్వింగార్మ్, వైర్లు తీశాక ఇంజిన్ కింద గట్టి చెక్కపెట్టె పెట్టి, ఫ్రేమ్‌ని ఇద్దరు పట్టుకుని ఇంజిన్ మీద నుంచి పైకి ఎత్తేయవచ్చు. ఇంజిన్‌ని బయటికి లాగడం కాదు, ఫ్రేమ్‌నే తీసేయడం.

ఇంత దూరం వచ్చాక ఒక్క సీలు మార్చి మూసేయడం తప్పు. ఈ సామానంతా ముందే తెప్పించుకోండి: క్రాంక్ వెనక సీలు, దాని ఫ్లాంజ్ గ్యాస్కెట్, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ సీలు, లోపలి ఓ-రింగ్, రెండు క్లచ్ ఫ్రిక్షన్ ప్లేట్లు, కొత్త ఫ్లైవీల్ బోల్టులు, క్లచ్ సెంటరింగ్ టూల్. ఫ్రిక్షన్ ప్లేటు కొత్తగా 8 మి.మీ. మందం, 7.5కి దిగితే మార్చాలి. ప్లేటు మందం సరిపోయినా లోపలి స్ప్లైన్ పళ్లు చూడండి. పళ్ల మీద మెట్లు కట్టి ఉంటే క్లచ్ వదిలేటప్పుడు పట్టుకుంటుంది, న్యూట్రల్ దొరకదు. కొత్త ప్లేట్లను అరిగిన హబ్ మీద పెడితే కొత్తవీ అలాగే అవుతాయి, కాబట్టి హబ్ కూడా మార్చాలి.

క్లచ్‌లో ఎనిమిది స్ప్రింగులు ఒత్తిడిలో ఉంటాయి. రింగ్ గేర్ బోల్టులన్నీ ఒకేసారి తీసేస్తే స్ప్రింగులు ఎగురుతాయి. మూడు చోట్ల పొడవాటి బోల్టులు వేసి వాటిని సమానంగా వదులు చేస్తూ రావాలి. ప్రెజర్ ప్లేట్ మీద చుక్క, ఫ్లైవీల్ మీద గుర్తు ఎదురెదురుగా ఉండాలి. ఆ చుక్క కనపడకపోతే తీసేముందు పంచ్‌తో కొత్తది కొట్టుకోండి. ఫ్లైవీల్ ఏ కోణంలో కూర్చుందో కూడా గుర్తు పెట్టుకోవాలి. కోణం తప్పితే ‘డీ’, ‘ఎస్’ గుర్తులు అర్థం లేనివైపోతాయి. వెనక మెయిన్ బేరింగ్ ఫ్లాంజ్‌ని తలకిందులుగా బిగిస్తే ఆయిల్ తిరిగి దిగే దారి మూసుకుపోతుంది, కొత్త సీలు కూడా కారుతుంది. ఆ ఫ్లాంజ్ కింది రెండు బోల్టుల మరలకు సీలెంట్ రాయాలి, వాటి వెంటే నూనె పాకుతుంది.

స్వింగార్మ్ ఊడి ఉన్నప్పుడే యూనివర్సల్ జాయింట్ (షాఫ్ట్‌ని వంగుతూ తిరగనిచ్చే కీలు) చూడండి. అది గేర్‌బాక్స్ వెనక, రబ్బరు తొడుగు లోపల ఉంటుంది. తొడుగు చిరిగితే నీళ్లు పోయి తుప్పు పడుతుంది, చిరగకపోయినా గ్రీజు ఎండిపోతుంది. చేతిలో పట్టి రెండు వైపులా వంచితే నూనె రాసినట్టు జారాలి. ఎక్కడైనా ఆగి ఆగి కదిలితే మార్చేయండి. నడుస్తుండగా అది విరిగితే వెనక చక్రం పట్టేయగలదు. స్వింగార్మ్ ముందు అంచున ఉన్న క్యారియర్ బేరింగ్‌ని కూడా అదే రోజు మార్చాలి. ఈ బండిలో డబ్బు ఆదా చేయకూడని చోటు ఏదైనా ఉందంటే ఇదే.

బ్రేకులు

టీ3 నుంచి వచ్చిన లింక్డ్ బ్రేకులో కాలి పెడల్ నొక్కితే వెనక డిస్కు, ముందు ఎడమ డిస్కు కలిసి పనిచేస్తాయి. చేతి లివర్ ముందు కుడి డిస్కుకి మాత్రమే. బ్రెంబో ఎఫ్08 కాలిపర్లకు సీల్ కిట్లు, పిస్టన్లు దొరుకుతాయి. బ్రేకు నూనెలోంచి గాలి తీయడంలోనే అందరూ ఓడిపోతారు. వెనక కాలిపర్‌ని ఊడదీసి, గాలి వదిలే బ్లీడ్ నిపుల్ ఆకాశం వైపు ఉండేలా వేలాడదీసి, ప్యాడ్ల మధ్య చెక్కముక్క పెట్టి బ్లీడ్ చేయాలి. పాత రబ్బరు హోసులు లోపలే ఉబ్బి దారి మూసుకుంటాయి, బ్రేకు పట్టి వదలదు. వాటిని వయసు చూసి మార్చాలి, పైకి ఎంత బాగున్నా సరే.

ముందు ఫోర్కుల్లో మరో మోసం ఉంది. ఒక్కో కాలులో పోసేది 60 మి.లీ. నూనె మాత్రమే, అది రాపిడి తగ్గించడానికే. డ్యాంపింగ్ అంతా లోపలి మూసిన కార్ట్రిడ్జిది. ఫోర్కులు ఊగుతున్నాయని చిక్కటి నూనె పోస్తే ఏమీ మారదు. ఎఫ్ఏసీ కంపెనీ కార్ట్రిడ్జులు నేరుగా అక్కడే కూర్చుంటాయి.

ఏది ఎక్కడ కొనాలి

జర్మనీలో స్టైన్-డిన్సే, నెదర్లాండ్స్‌లో టేయో లామెర్స్, బ్రిటన్‌లో గట్సీబిట్స్, అమెరికాలో ఎంజీ సైకిల్, హార్పర్స్ ఈ బండ్ల స్పేర్లకు పేరున్న చోట్లు. ఇంజిన్, ఫ్రేమ్ నంబర్లు, కొలతలు, పాత భాగం ఫొటో కలిపి పంపితే సరైన జవాబు వస్తుంది. ‘టీ3కి క్లచ్ సెట్ కావాలి’ అని రాస్తే ఎదుటివాళ్లు ఊహించాల్సి వస్తుంది.

ఎన్నడూ వాడని పాత ఫ్యాక్టరీ స్టాకుకి అభిమానులు ఎక్కువ ధర పెడతారు. గేరు, షాఫ్టు, మూత, బ్రాకెట్ లాంటి లోహపు సామానుకి అది సబబే. రబ్బరుకి మాత్రం కాదు. 1980లో తయారై కవర్లో ఉండిపోయిన సీలు, ఇన్‌టేక్ జాయింట్, బ్రేక్ హోసు గట్టిపడిపోయి ఉంటాయి. అసలు పెట్టెలో వచ్చినా సరే, ఈ ఏడాది తయారైన మామూలు సీలే నయం. వాడిన సామానులో గేర్‌బాక్స్ కేసులు, ఫ్రేమ్ పట్టీలు, బెవెల్ బాక్సులు ధైర్యంగా కొనొచ్చు. వాడిన క్రోమ్ సిలిండర్లు ఎంత చవకైనా వద్దు. వెగ్లియా కంపెనీ మీటర్లు పోతే కొత్త నకలు కొనే బదులు పాతదాన్నే బాగుచేయించడం మంచిది.

బేరింగులకు గుజ్జీ పెట్టె అక్కర్లేదు. బేరింగ్ అంచు మీద 6204 అని ఉంటే అది 20 మి.మీ. లోపలి వ్యాసం, 47 బయటి వ్యాసం, 14 వెడల్పు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా, జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో కొన్నా అదే కొలత. నంబర్ వెనక వచ్చే అక్షరాలు కూడా చూసి కొనండి. 2ఆర్ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు మూత, సీ3 అంటే లోపల ఎక్కువ ఖాళీ. వేడెక్కే చోట సీ3 ఉన్నదాన్ని మామూలు బేరింగ్‌తో మార్చకూడదు. ఆయిల్ సీళ్ల మీద కూడా మూడు కొలతలు వరసగా ఉంటాయి: షాఫ్టు, బయటి వ్యాసం, మందం. ఇంజిన్ వెనక, ఎగ్జాస్ట్ దగ్గర వేడి ఎక్కువ కాబట్టి నైట్రైల్ రబ్బరు బదులు వైటాన్ రకం అడగండి.

బరువైన సామాను దూరం నుంచి తెప్పించేటప్పుడు సిలిండర్లు, క్లచ్, సీళ్లు, గ్యాస్కెట్లు ఒకే ఆర్డర్‌లో పెట్టుకుంటే రవాణా ఖర్చు, కస్టమ్స్ పని ఒక్కసారితో పోతాయి. అయితే సంప్ దించి, ఆయిల్ వడకట్టి, బోరు చూసి, పిస్టన్ అక్షరం రాసుకునేదాకా ఆ ఆర్డర్ పంపకండి. ఒక చిన్న పుస్తకంలో బండి పేరు మీద ఇంజిన్ నంబర్, బోరు, బెవెల్ బాక్సు పళ్ల లెక్క, కార్బురేటర్ రకం, జెట్ నంబర్లు, స్టార్టర్, ఆల్టర్నేటర్ తయారీ పేరు రాసి పెట్టుకోండి. తీసిన ప్రతి సీలు, బేరింగ్ నంబర్ కూడా పారేసేముందు అందులోకి ఎక్కించాలి.